ఆమె మీదికి తోసేసిన వాసన

మా ఆఫీసులో పద్నాలుగు మందిమి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నాతో కలిపి ముగ్గురం. మిగతా ఇద్దరికీ తెలుగు అక్షరాలు రావు. వాళ్ళ తాతల కాలంలోనే పుదుచ్చేరికి వచ్చి స్థిరపడి, బడిలో తమిళమే చదువుకున్నారు. నాకు మాత్రం మా నాన్న మిల్లు నుంచి వచ్చాక సాయంత్రాలు పలక మీద దిద్దించాడు. నేను ఏం రాసినా ఆఫీసులో చదవగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

నాకు ముప్పై దాటినప్పటి నుంచి పేగుల జబ్బు. గోరిమేడు ఆసుపత్రిలో రక్తపరీక్షలు, స్కాను, కింది నుంచి గొట్టం పెట్టి చూడటం అన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితాలు సర్ది నా వైపు చూసి నవ్వింది. లోపల పుండు లేదు, గడ్డ లేదు, పేగులకి కంగారు ఎక్కువ, ఐబీఎస్ అంటారు, ప్రాణానికి ఏమీ కాదు అని చెప్పింది. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఆవిడ భుజం తట్టింది. ప్రాణానికి ఏమీ కాదంటే, బతికినన్నాళ్ళూ ఇదే అని నాకు అర్థమైంది.

మూడు రోజులు కడుపు రాయిలా బిగుసుకుపోతుంది. నాలుగో రోజు పొద్దున్నే నాలుగుసార్లు పరుగు. తిన్నది ఏదైనా సరే పొట్ట ఉబ్బి, చీర కుచ్చిళ్ళ దగ్గర నొక్కుతుంది. గాలి ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చాక దాచలేం. ఇంట్లో మా అత్త దాన్నే కాలక్షేపం చేసుకుంది. పక్క పోర్షను ఆవిడ వచ్చి కూర్చుంటే, నేను బాత్రూంలో ఉండి వింటున్నానని తెలిసీ గొంతు పెంచేది.

"లోపలికి పోయిందంటే ఇంక యాడ వస్తాది? మనం వండి, తిని, గిన్నెలు గూడా కడిగి పండుకోవచ్చు."

మా ఆయన టీవీ ముందు కూర్చుని నవ్వేవాడు. బయటికి వచ్చాక నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మాట ఇంకా సాగేది.

ఆఫీసులో మాత్రం ఎనిమిదేళ్ళు ఎవరికీ దొరకలేదు. మా ఇల్లు వైతికుప్పం దగ్గర. ఆఫీసుకి ఇరవై నిమిషాల నడక. పొద్దున అర గ్లాసు గంజి తప్ప ఏమీ తీసుకోను. పదకొండున్నరకి పెరుగన్నం. పాలు, ఉల్లిపాయ, కందిపప్పు, బీన్సు ముట్టను. మీటింగు ఉన్న రోజు కడుపు కట్టేసే మాత్ర ఒకటి. తల్లో అందరికంటే రెట్టింపు మల్లెపూలు. రోజూ పెళ్ళికూతురే అని వాళ్ళు ఎగతాళి చేస్తే చేయనీ, పూల వాసన నాకు అవసరం. బాత్రూంకి దగ్గరగా ఉంటుందని, అందరూ వద్దన్న తలుపు పక్క సీటు అడిగి మరీ తీసుకున్నాను. చేతిలో ఎప్పుడూ ఒక పెద్ద సంచి. అందులో పాత సింథటిక్ చీర, లంగా, లోపలి బట్టలు, రెండు ప్లాస్టిక్ కవర్లు.

ఆ పిల్ల యానాం నుంచి వచ్చింది. మొదటి ఉద్యోగం, పాతికేళ్ళు కూడా లేవు. తమిళం ఒక్క ముక్క రాదు. సూపరింటెండెంటు నా పక్కన కుర్చీ వేయించి, "మీ భాష పిల్ల, మీరే చూసుకోండి" అన్నాడు. మా ఆఫీసు మాటలన్నీ తమిళంలోనే. వాటిని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

నెల తిరగకముందే అక్కా అక్కా అంటూ నా వెంటే ఉండేది. మాట చివర ఆ "అండి" మాకు కొత్త. నా మాట దానికి కొత్త. నేను "యాడికి పోతాండావు పాపా?" అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకరోజు మధ్యాహ్నం మూడోసారి బాత్రూంకి వెళ్ళి వచ్చి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అక్కా, మీకొకటి చెప్పనా అండి? ఎవరితోటీ అనకండి."

"చెప్పు పాపా."

"నాకు కడుపు బాగోదండి. డిగ్రీలో ఉన్నప్పట్నించీ. పరీక్షలన్నా, కొత్త మనుషులన్నా చాలండి, మెలిపెట్టేసుద్ది. వెళ్ళొచ్చినా వెళ్ళినట్టుండదండి. ఒకోసారి పక్కన ఎవరన్నా కూర్చుంటే భయం... మీకు అర్థమవుద్ది కదండీ?"

నాకు అర్థం కాకపోవడమేమిటి! నేను డాక్టరమ్మకి కూడా అంత సరిగ్గా చెప్పలేకపోయాను. నాక్కూడా అంతే పాపా అనడానికి నోరు తెరిచాను. ఎనిమిదేళ్ళు కాపాడుకున్నది, ఊరూ పేరూ కొత్తైన పిల్ల చేతిలో పెట్టడం నా వల్ల కాలేదు.

"వేళకి తిను పాపా, అంతా సరిపోతాది" అన్నాను. మా అత్త నాతో అనే మాట అదే.

పై ఆఫీసు నుంచి నెలకోసారి పెద్దాఫీసరు వచ్చి మీటింగు పెడతాడు. ఆ నెల మీటింగుకి ముందు రోజు ఒక సీమంతంలో సాంబారు పోసుకుని తిన్నాను. పొద్దున మాత్ర వేసుకోవడం మరిచిపోయాను. ఏసీ గది, కిటికీలు మూసి ఉన్నాయి. ఒకే బల్ల చుట్టూ అందరం. ఆఫీసరు పెండింగు ఫైళ్ళ గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు. నా కడుపులో మొదలైంది. పళ్ళు బిగించి, మడమలు నేలకి నొక్కిపెట్టి ఆపుకున్నాను. ఆగలేదు. చప్పుడైతే కాలేదు. కానీ రెండు క్షణాల్లో ఆఫీసరు మాట ఆపి ముక్కు రుద్దుకున్నాడు. ఎవరో దగ్గారు. టైపిస్టు నేనూ ఆ పిల్లా కూర్చున్న వైపు తల తిప్పింది. ఆ వెనకే ఇంకో ఇద్దరు తిప్పారు.

ఆ వైపు ఉన్నది ఇద్దరమే. నేను కొంగు ముక్కుకి పెట్టుకుని ఆ పిల్ల వైపు చూశాను.

నోటితో ఒక్క మాట అనలేదు. చూశాను, అంతే. దాని ముఖం చెవుల దాకా కందిపోయింది. ఈ జబ్బున్నవాళ్ళు తమది కాని దానికి కూడా అలాగే సిగ్గుపడతారు. తమదేనేమో అని తమనే అనుమానించుకుంటారు. ఆ సంగతి ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. తెలిసే చూశాను.

సాయంత్రానికి దానికి "సిలిండర్" అని పేరు పెట్టారు. ఆ పిల్ల లేని వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండేది. అందులో ఎవరో ఎర్ర సిలిండరు బొమ్మ పెట్టారు. వరసగా అందరూ నవ్వే బొమ్మలు పెడుతుంటే నేనూ ఒకటి పెట్టాను. మర్నాడు దాని బల్ల మీద గదుల్లో కొట్టే సెంటు డబ్బా ఒకటి ఉంది. టైపిస్టు ఆ డబ్బా తీసుకుని, ఆ పిల్ల నడిచి వెళుతుంటే వెనక నుంచి కొట్టేది. హాలంతా నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అది కూడా కాస్త నవ్వేది.

"ఏమంటున్నారండి అక్కా?" అని అడిగింది ఒకసారి.

"ఏం లేదు పాపా, గ్యాసు రేటు పెరిగిందంట" అన్నాను.

వారంలో తనకే అర్థమైంది. పదిహేను రోజుల్లో దాని కుర్చీని రికార్డు గది గుమ్మం దగ్గరికి జరిపించారు. అక్కడ ఫ్యాను లేదు. మధ్యాహ్నం ఒక్కతే తినేది. తర్వాత తినడమే మానేసింది. మెడ కింది ఎముకలు తేలాయి.

నా సంగతి చెప్పాలి. ఆ నాలుగైదు నెలలు నా కడుపు ఎన్నడూ లేనంత బాగుంది. పొద్దున రెండు ఇడ్లీలు తిని ఆఫీసుకి పోయేదాన్ని. మాత్రల అట్ట సొరుగులో అలాగే ఉండిపోయింది. ఒకవేళ ఏదైనా జరిగినా హాలులో తలలన్నీ రికార్డు గది వైపే తిరిగేవి. నా వైపు ఎవరూ చూడరన్న ధీమాకే పేగులు నిమ్మళించాయి. మల్లెపూలు కూడా అందరిలా ఒక మూరకి తగ్గించాను. "అక్క ఒళ్ళు చేసింది, కళ వచ్చింది" అని టైపిస్టు మెచ్చుకుంది.

ఆ పిల్ల అప్పటికీ నన్ను అక్కా అనే పిలిచేది. తెలుగొచ్చిన ఆ ఇద్దరూ దానికి ఎడంగానే ఉండేవాళ్ళు గనక, మిగతావాళ్ళతో మాట్లాడాలన్నా, సెలవు చీటీ రాయాలన్నా నేనే దిక్కు. ఒకరోజు ఫైలు ఇస్తూ నెమ్మదిగా అంది, "ఆవేళ మీటింగులో నేను కాదండి అక్కా." నేను ఫైలు తాడు విప్పుతూ, "ఎవురైతే ఏంది, వదిలెయ్ పాపా" అన్నాను.

కిరుమాంబాక్కంలో మా ఆఫీసాయన ఒకరు ఇల్లు కట్టుకుని ఆదివారం గృహప్రవేశానికి అందరినీ పిలిచాడు. వ్యాను మాట్లాడుకుని పోయాం. ఆ పిల్లని నేనే బయలుదేరదీశాను. రాకపోతే ఇంకా అంటారు, రా అన్నాను. విస్తళ్ళలో సాంబారు, వడ, పాయసం, ఉల్లిపాయ పెరుగు పచ్చడి. ఆ పిల్ల పెరుగన్నం మాత్రం పెట్టించుకుంది. వడ్డించేవాడితో టైపిస్టు, "ఆ ఆకులో ఎక్కువ వేయొద్దు, సిలిండర్ నిండిపోతుంది" అంది. వరసంతా నవ్వారు. నేను రెండోసారి సాంబారు పోయించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కడలూరు రోడ్డు మీద ఏదో లారీ ఆగిపోయి బండ్లన్నీ మెల్లగా పాకుతున్నాయి. వ్యాను వెనక సీటులో ఆ పిల్ల, పక్కన నేను. దాని పక్కన కూర్చునేది ఇంకెవరు? మూడు గంటల ఎండ. నా కడుపులో పట్టుకుంది. చాలా నెలల తర్వాత వచ్చింది గనక మరీ గట్టిగా వచ్చింది. ముంజేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. వ్యాను ఆపమని అడగాలి. అడిగితే అందరికీ తెలిసిపోతుంది.

ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. దానికి అప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

"ఆపండి! ఈ పిల్లకి అర్జెంటంట, ఆపండి!" అని నేను తమిళంలో గట్టిగా అరిచాను.

వ్యాను గొల్లుమంది. "లీకు, లీకు" అని ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనేమీ అనలేదండి, ఏం చెప్పారండి?" అంటోంది. నేను దాని చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. రోడ్డు పక్కన ఒక చిన్న టిఫిను కొట్టు. కొట్టు వెనక రేకు తలుపున్న బాత్రూం ఒకటే. అక్కడికి నడిచే లోపలే దాని ముఖం పాలిపోయింది. అంతమంది నవ్వాక దాని కడుపు ఊరుకుంటుందా? పొట్ట పట్టుకుని వంగిపోయింది.

"అక్కా, నిజంగానే వస్తోందండి."

"ఉండు, నీళ్ళుండాయో లేదో చూసొస్తా" అని నేను లోపలికి పోయి గడియ పెట్టుకున్నాను.

ఇక రాలేకపోయాను. రావాలన్నా వచ్చే స్థితి కాదు. బయట రేకు మీద వేళ్ళతో తడుతోంది. మొదట మెల్లగా, తర్వాత అరచేత్తో. "అక్కా, తొందరగానండి. అక్కా, ఒక్క నిమిషమండి, మీకు దణ్ణం పెడతానండి." నేను కుళాయి తిప్పాను, నా చప్పుళ్ళు వినపడకుండా. నీళ్ళు సన్నగా వచ్చాయి. తట్టడం ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అయినా ఇంకో రెండు నిమిషాలు లోపలే ఉన్నాను.

తలుపు తీసేసరికి గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చున్నీ నడుముకి చుట్టుకుంది. లేత పసుపు చుడీదారు. పాదాల దగ్గర తడి. ఏడవడం లేదు. తల తిప్పి నన్ను చూసింది, తర్వాత నా భుజాన ఉన్న సంచిని చూసింది. అందులో చీర ఉంది. లంగా ఉంది. చెయ్యి పెట్టి తీసిస్తే అయిపోయేది. గృహప్రవేశానికి వచ్చిన మనిషి సంచిలో లోపలి బట్టలు ఎందుకున్నాయని ఎవరైనా అడుగుతారేమోనని ఆ క్షణంలో ఆలోచించాను. సంచి చంక కింద నొక్కుకున్నాను.

"నువ్వు కడుక్కొని నిదానంగా బస్సులో రా పాపా. నేను వాళ్ళతో చెప్తాను."

వ్యాను దగ్గరికి వచ్చాను. ఏమైంది అని ముందు సీటాయన అడిగాడు. నేను మాట్లాడకుండా ముక్కు ముందు చెయ్యి ఆడించాను. నవ్వులు లేచాయి. టైపిస్టు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వ్యాను కదిలింది. ఆ కొట్టు ఆవిడ తన పాత నైటీ ఒకటి ఇచ్చి, తడి బట్టలు కవరులో కట్టించి బస్సు ఎక్కించిందని, ఆ దారినే రోజూ వచ్చే ఇల్లు కట్టుకున్నాయన కొట్టులో విని వచ్చి చెబుతుంటే విన్నాను. ఆవిడ ఆ పిల్లని అంతకుముందు ఎన్నడూ చూసింది కాదు.

ఇక రాదనుకున్నాను. సోమవారం తొమ్మిదిన్నరకే వచ్చి హాజరు మిషను మీద వేలు పెట్టి తన కుర్చీలో కూర్చుంది. సెంటు డబ్బా వాళ్ళు కొట్టకముందే తనే తీసుకుని తన చుట్టూ కొట్టుకుంది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

ఇంకో నెలకి యానాం బదిలీ ఆర్డరు వచ్చింది. చివరి రోజు ఫైళ్ళు నాకు అప్పజెప్పాలి. రికార్డు గదిలో ఇద్దరమే. నేనే మొదలుపెట్టాను.

"ఆ పొద్దు నాకు తల తిరిగినట్టయింది పాపా. లోపల అట్నే కూసోనుండిపోయినా..."

"తలుపు రేకుదండి" అంది ఫైళ్ళు పేరుస్తూ. "అన్నీ వినపడ్డాయి."

అది చెప్పుకుపోయింది, కోపం లేని గొంతుతోనే.

"అప్పుడు కాదులెండి, మీటింగు రోజే నాకు తెలుసు. మీ పక్కనే కదండీ కూర్చున్నాను. ఈవిడా నాలాంటిదే, పాపం భయపడిపోయింది, రేపో ఎల్లుండో నాతో చెప్పుకుంటుందిలే అనుకున్నానండి. అయిదు నెలలు చూశాను."

"మరి ఎవురికీ చెప్పలేదేంది?"

"చెప్తే ఏమవుద్దండి? మీకూ ఓ పేరెడతారు. నాది పోదు కదా." రిజిస్టరు నా ముందుకి తోసింది. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం."

పెట్టాను. అది మెట్లు దిగి పోతుంటే ఎవరూ లేవలేదు. కేకు లేదు, శాలువా లేదు. నేను కూడా సీటులోంచి లేవలేదు.

రెండు వారాలకి నా కడుపు మొదటికి వచ్చింది. వచ్చింది అనడం తక్కువ, ముందుకంటే ఎక్కువైంది. హాలులో మళ్ళీ ముక్కులు రుద్దుకోవడం మొదలైంది. నా వైపు చూస్తారని వణికిపోయాను. వాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు. ముందు బాత్రూం పైపు అన్నారు, ప్లంబరు వచ్చి చూసి ఏమీ లేదన్నాడు. ఎలక చచ్చిందేమోనని బీరువాలు జరిపించారు. చివరికి టైపిస్టు కనిపెట్టింది, "అది పోయినా దాని కుర్చీలో వాసన నిలిచిపోయింది" అని. అందరూ ఒప్పుకున్నారు. గుడ్డ సీటున్న మంచి కుర్చీ, ఇంకా పదేళ్ళు పనికొచ్చేది. అటెండరు వేలి కొనలతో పట్టుకుని తీసుకెళ్ళి పెరట్లో వానలో పడేశాడు. ఆఫీసు సామాను పారేయాలంటే ఒక కాగితం రాయాలి. ఆ పని నాది. "విరిగిపోయినందున" అని రాసి పైకి పంపాను.

పోయిన ఏడాది యానాం నుంచి ఒకాయన శిక్షణ కోసం వచ్చాడు. తెలుగు మనిషి గనక టీ దగ్గర నాతో మాట కలిపాడు. ఆ పిల్ల ఎలా ఉందని అడిగాను.

"ఆవిడా అండి? మా సెక్షనేనండి. బానే ఉన్నారు. కడుపు జబ్బు ఉంది కదండీ ఆవిడకి."

"మీకెట్ట తెలుసు?"

"జాయినైన రోజే చెప్పేశారండి అందరికీ. నాకిలాగుంటది, నా బల్ల బాత్రూం పక్కనే వేయండి, వాసనొస్తే కిటికీ తీసుకోండి అని. ఓ వారం నవ్వుకున్నామండి, అబద్ధమెందుకు. తర్వాత ఎవరికి గుర్తండి? మా హెడ్ గుమస్తా గారికీ అదే ఇబ్బందంట, ఆవిడ చెప్పాక బయటపడ్డారు. ఇద్దరూ కలిసి మజ్జిగ తాగుతుంటారు."

ఆయన పోయాక టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. హాలులోకి వచ్చి నేరుగా సూపరింటెండెంటు బల్ల దగ్గరికి నడిచాను. ఆ రోజు హాలు నిండా మనుషులున్నారు, టైపిస్టు కూడా ఉంది. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. నాకు జబ్బు ఉంది. మొదటి నుంచీ ఆ వాసన నాది. ఆ పిల్లది కాదు. కొట్టు దగ్గర నేనే తలుపు వేసుకున్నాను.

"ఏమిటి మేడం?" అన్నాడాయన తలెత్తి.

"సగం పూట లీవు కావాలి సార్."

"ఒంట్లో బాలేదా?"

"తలనొప్పి సార్."

ఆయన వెంటనే సంతకం పెట్టాడు. నేను సంచి తీసుకుంటుంటే టైపిస్టు తన సొరుగు లాగి, నొప్పుల మందు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "కాస్త రాసుకుని ఎండ లేని వైపు నడువు అక్కా, నీ మొహం చూడలేకపోతున్నాను" అంది. అక్కడే అందరి ముందు మూత తీసి నుదుటికి రాసుకున్నాను.